నిద్రపుచ్చని మాత్ర

తుమ్ము అపశకునమని మన పెద్దల నమ్మకం. ప్రయాణమై గడప దాటబోతున్న వేళ ఎవరైనా తుమ్మితే మరల లోనికి వచ్చి, కాసేపు కూర్చుండి, గ్లాసెడు మంచినీళ్ళు త్రాగి బయలుదేరడం మన ఇండ్లలో నేటికీ చూస్తూనే ఉన్నాము. పసిబిడ్డ తుమ్మితే "చిరంజీవ" అంటారు. మా వీధిలోని ఉర్దూ మాట్లాడే ఇండ్లలో "యర్హముకల్లాహ్" అంటారు. ఏ భాషలో పలికినా అది దీవెనయే. అయితే ఈ దీవెనలన్నీ ఒక తుమ్ముకు, మహా అయితే రెండు తుమ్ములకు సరిపోతాయి. తెల్లవారి నిద్ర లేచినది మొదలు వరుసగా ఇరువది, ముప్పది తుమ్ములు తుమ్మే అభాగ్యుని విషయమై శకునశాస్త్రం ఏమి విధించినదో నాకు తెలియదు. అటువంటి అభాగ్యులలో నేనొకడిని. "తుమ్మితే ఊడే ముక్కు" అన్న సామెతను పుట్టించిన మహానుభావుడు నా వంటి వానిని చూచియే పుట్టించి ఉంటాడని నా అనుమానం.

ఈ జాడ్యానికి ఆంగ్లేయులు హే ఫీవర్ అని పేరు పెట్టారు. ఎండుగడ్డి జ్వరమని దాని అర్థం. ఆ పేరులోని రెండు మాటలూ అసత్యములే. దీనికి కారణం ఎండుగడ్డి కాదు. ఇందులో జ్వరమూ రాదు. 1819లో లండన్‌లో జాన్ బోస్టాక్ అనే వైద్యుడు ఏటేటా వేసవిలో తనను పీడించే ముక్కు నీరు, కంటి దురద, తుమ్ములను గురించి తోటి వైద్యులకు విన్నవించాడు. ఆ వ్యాధిగ్రస్తుడు తానేనాయె. 1873లో చార్లెస్ బ్లాక్లీ అనే మరొక ఆంగ్లేయ వైద్యుడు, తానూ ఈ బాధ పడేవాడే, పుప్పొడిని తన ముక్కుకూ చర్మానికీ తగిలించుకొని పరీక్షించి, దోషి గడ్డిపూల పుప్పొడియేనని తేల్చి గ్రంథం వ్రాశాడు. ఈ వ్యాధి చరిత్రలో ముక్కు బాగున్నవారికంటె ముక్కు చెడినవారే ఎక్కువ కృషి చేసినట్లు కనబడుతుంది.

నేను తిరుపతిలో చదువుకొనే రోజులలో మేము అద్దెకున్న గది వెనుక ఇండ్ల స్థలాలు ఖాళీగా పడి ఉండేవి. కార్తీకమాసపు వానలు వెనుకబట్టగానే ఆ స్థలాలనిండా తెల్లని చిన్నచిన్న పూలతో వయ్యారిభామ మొలిచి నిలిచేది. ఈ మొక్కకు ఇంత అందమైన పేరు పెట్టిన తెలుగువాని రసికతకు నమస్కరించవలసినదే. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. అమెరికా ఖండాలలో పుట్టి, 1950ల నడుమ పుణె నగరంలో కంటబడి, అక్కడినుండి దేశమంతటా వ్యాపించిన కలుపు ఇది. ఒక్కొక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. దీని పుప్పొడి ముక్కులో చేరితే తుమ్ములు. ఆకు ఒంటికి తగిలితే కొందరికి చర్మం ఎర్రబడి, పొరలు లేచి, నెలల తరబడి మానని ఎగ్జిమా. పొలం గట్లమీద కలుపు తీసే కూలీలు ఈ రెండవ బాధకు ఎక్కువగా గురియవుతారు. ఇక సర్కారు తుమ్మ పుప్పొడి, వేరుశనగ నూర్పిళ్ళ ధూళి, పాత పరుపులలో కంటికి కనబడని పురుగులు, తడిగోడల బూజు, ఇవన్నీ చాలవన్నట్లు తోడయ్యేవి. మామిడి పూతను కూడ నేను చాలకాలం నిందించాను. కాని మామిడి పుప్పొడి ఈగలు, కీటకాలు మోసుకొని పోయేదే గాని గాలిలో పెద్దగా ఎగిరేది కాదు. ఆ చెట్టును క్షమించాను.

ముక్కు సంగతి ఇంతటితో ఆపుతాను. ఈ వ్యాసం వ్రాయడానికి నన్ను పురికొల్పినది నా ముక్కు కాదు, మా నాయన చర్మం.

మా నాయన లారీ డ్రైవరు. వేసవి వచ్చిందంటే దామలచెరువు, బంగారుపాళెం మండీలలో తోతాపురి కాయ ఎత్తుకొని చిత్తూరు చుట్టుపట్ల గుజ్జు ఫ్యాక్టరీలకు, మంచి కాయ అయితే మద్రాసు మార్కెట్టుకు తోలేవాడు. చెన్నై అని పేరు మారినా ఆయన నోట అది మద్రాసే. 2003వ సంవత్సరం వేసవిలో ఆయనకు దద్దుర్లు మొదలైనవి. మొదట మోచేతి దగ్గర దోమ కుట్టినట్లు ఒక ఉబ్బు, గీకితే అరచేయంత, అరగంటలో వీపు, తొడలు, నడుము, బనియను అంచు బిగిసిన చోటెల్లా గట్లు గట్లుగా లేచేవి. చిత్రమేమంటే ఉదయం మోచేతిమీద ఉన్నది సాయంత్రానికి మచ్చయినా మిగలకుండ మాయమై, మెడమీద కొత్తది ప్రత్యక్షమయ్యేది. ఒక్కొక్క రాత్రి పెదవి ఉబ్బి ముఖం గుర్తు పట్టలేకపోయేవాళ్ళము.

మా అవ్వ గొంగళితో రుద్దింది. వేపాకు కాచిన నీళ్ళు పోసింది. ప్రక్కింటి పెద్దమ్మ చూచి "పిత్తీ ఉఛలీ హై" అని తేల్చి చెప్పింది. ఆయుర్వేద వైద్యులు శీతపిత్తమన్నారు. ఉర్దూలో పిత్తీ, సంస్కృతంలో పిత్తం: భాషలు వేరైనా అనుమానం మాత్రం ఒక్క దానిమీదనే. తరువాత ఆహారం మీద విచారణ మొదలైంది. వంకాయను బహిష్కరించారు. కోడిగుడ్డును బహిష్కరించారు. కరవాడు వాసన కూడ ఇంటిలోనికి రానివ్వలేదు. మామిడికాయ సొన తగిలి వచ్చినదన్నారు కొందరు. సొన తగిలితే తగిలిన చోటనే పొక్కి పుండవుతుంది గాని వీపు మీద గట్లు లేవవు. వంకాయ తినకపోయినా దద్దుర్లు వచ్చాయి, తిన్నా వచ్చాయి. ఆరు నెలలకు మా నాయన అన్నం, మజ్జిగ, చింతకాయ తొక్కు మీద బ్రతికే స్థితికి వచ్చాడు. దద్దుర్లకేమీ తక్కువ కాలేదు.

మందుల షాపులో అడిగితే చిన్న మాత్ర ఒకటి ఇచ్చారు. క్లోర్‌ఫెనిరమిన్. వేసుకొన్న గంటకు దద్దుర్లు అణగిపోయేవి. అణగిపోయిన చర్మంతో పాటు మనిషీ అణగిపోయేవాడు. కన్నులు మూతలు పడేవి, నోరు ఎండిపోయేవి, మాట ముద్దగా వచ్చేది. ఒకనాటి తెల్లవారుజామున, రాణీపేట దాటిన తరువాత, లారీ ఎడమచక్రాలు తారు దిగి మట్టిలోనికి పోయినవి. క్లీనరు పిల్లవాడు కేక పెట్టకపోతే రోడ్డు ప్రక్కనున్న చింతచెట్టే ఆపి ఉండేది. కొన్ని బస్తాల కాయ దొర్లిపోవడం తప్ప మరే నష్టమూ జరుగలేదు. ఈ సంగతి ఆయన ఇంటిలో చెప్పలేదు. రెండు నెలల తరువాత ఆ పిల్లవాడే మా అమ్మతో నోరు జారాడు.

ఆనాటినుండి మాత్ర మానివేశాడు. దురదతోనే బండి తోలేవాడు. ఒక చేత స్టీరింగు పట్టి మరొక మోచేతిని కిటికీ ఇనుపచట్రానికి రాస్తూ ఇన్నూరు, మున్నూరు మైళ్ళు. చొక్కా చేతులు విప్పితే రక్తపు గీతలు కనబడేవి. లారీ యజమాని చూచి, "నయం చేసుకొని రా, అంతదాకా వేరేవాణ్ణి పెట్టుకొంటాను" అన్నాడు. మా చదువులు, ఇంటి బాడుగ, అవ్వ మందులు, అన్నీ ఆ స్టీరింగు మీదనే నడుస్తున్నవని వేరే చెప్పనవసరం లేదు.

అప్పుడు తిరుపతిలో ఒక చర్మవైద్యుని దగ్గరకు తీసుకొనిపోయాను. ఆయన దద్దుర్లను చూడలేదు. ఆ పూట ఒక్కటీ లేదు మరి. మా నాయన ముంజేతిమీద మొద్దు పెన్నుతో ఒక గీత గీచి ఐదు నిమిషాలు ఆగారు. మొదట గీత ఎర్రబడింది, చుట్టూ ఎరుపు వ్యాపించింది, ఆ మీదట గీత పొడవునా చర్మం తాడు వలె లేచింది. 1920లలో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు చర్మంలో ఈ మూడు మెట్లనూ వరుసగా గుర్తించి వివరించాడని, ఎవరి చర్మాన్నైనా గట్టిగా గీస్తే కొంతవరకు ఇదే జరుగుతుందని, మా నాయనకు జరగవలసినదానికంటె ఎక్కువ జరుగుతున్నదని చెప్పారు. మా నాయన అంతా విని ఒక్కమాట అన్నాడు: "దురదైతే ఓర్చుకుంటా సారూ. నిద్దరను ఓర్చుకోలేను. నిద్దర రాని మాత్ర ఉంటే ఇయ్యండి."

ఇంతకూ దేహంలో జరిగేదేమి? చర్మం క్రింద, ముక్కు పొరలలో, రక్తనాళాల చుట్టూ మాస్ట్ కణాలని కొన్ని కావలి కణాలున్నవి. ఆ పేరు పెట్టినవాడు పాల్ ఎర్లిక్, 1878లో. ఆ కణాల కడుపులో సంచుల కొద్దీ హిస్టమిన్ అనే పదార్థం నిలువ ఉంటుంది. పుప్పొడికి అలవాటుపడని మనిషి దేహం దానిని శత్రువుగా భావించి ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారు చేసి, మాస్ట్ కణాల మీద నిలబెడుతుంది. జపాను దంపతులు కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా 1966లో దానిని కనుగొన్నారు. మరల అదే పుప్పొడి వచ్చి తగలగానే కణం తన సంచులు విప్పివేస్తుంది. హిస్టమిన్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, అదే ఎరుపు. నాళాల గోడలలో సందులు కల్పిస్తుంది; నీరు ఊరి బయటికి వస్తుంది; చర్మంలో అయితే దద్దురు, ముక్కులో అయితే జలధార. నాడుల కొసలను గిలిగింత పెడుతుంది. చర్మంలో దురద, ముక్కులో తుమ్ము. ఒక్క పదార్థమే ముక్కులో ఒక వేషం, చర్మంలో ఒక వేషం కట్టి ఆడుతుంది. నా తుమ్ములకూ మా నాయన దద్దుర్లకూ ఒకే మాత్ర ఎందుకు పని చేస్తుందని అడిగినప్పుడు వైద్యులు చెప్పిన సమాధానం ఇదే. తేడా ఏమంటే, నాకు పుప్పొడి అనే శత్రువు ఉన్నది; మా నాయన వంటి దీర్ఘకాలపు దద్దుర్లలో, అంటే ఆరు వారాలు దాటినవానిలో, చాలమందికి బయటి కారణం ఏదీ దొరకనే దొరకదు. కణాలు తమంతట తామే సంచులు విప్పుతాయి. వంకాయ నిర్దోషి అని ఆనాడు తీర్పు వచ్చింది.

హిస్టమిన్ ఊరకే పని చేయదు. కణాల మీద దానికోసం ఏర్పడిన స్థానాలున్నవి. వాటిలో ఈ బాధలకు సంబంధించినదానిని హెచ్-1 గ్రాహకమంటారు. యాంటీహిస్టమిన్ మాత్ర హిస్టమిన్‌ను చంపదు, మాస్ట్ కణాన్ని కూడ ప్రధానంగా ఆపదు. అది చేసే పనిని నేను మా ఆర్టీసీ బస్టాండు భాషలో అర్థం చేసుకొన్నాను. తిరుపతి బస్సు ప్లాట్‌ఫారానికి రాకముందే కిటికీలోనుండి తువ్వాలు విసిరి సీటు ఆక్రమించే ఘనులున్నారు గదా. ఆ తరువాత ఎంతమంది ఎక్కినా ఆ సీటు వారికి దక్కదు. మాత్ర అటువంటి తువ్వాలు. ముందుగా పోయి సీటు మీద పడి ఉంటుంది. హిస్టమిన్ వచ్చి నిలబడి పోతుంది. ఎక్కినవాడు కూర్చున్న తరువాత తువ్వాలు విసిరితే అంత ఫలం లేదు. కనుకనే పుప్పొడి కాలంలో తుమ్ములు వచ్చిన తరువాత కాక, ముందుగానే ప్రతిదినం వేసుకోవాలని వైద్యులంటారు. దద్దుర్లకూ అంతే, లేచినప్పుడొకటి, లేవనప్పుడు మానివేయడం కాదు. ఉపమానానికి ఒక సవరణ: ఈ గ్రాహకం ఎవరూ కూర్చోకపోయినా కొద్దికొద్దిగా పని చేస్తూనే ఉంటుంది, మాత్ర దానిని ఆ కొంచెం కూడ చేయనీయక విశ్రాంతి స్థితిలో నిలుపుతుంది. తువ్వాలుకు ఆ శక్తి లేదు.

మరి నిద్ర ఎక్కడినుండి వచ్చింది? మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో హిస్టమిన్‌ను తయారు చేసే నాడీకణాల చిన్న గుంపు ఒకటి ఉన్నది. మనలను మేల్కొలిపి ఉంచడం దాని పని. చర్మంలో దురదను పుట్టించే హిస్టమినే మెదడులో మెలకువను కాపాడుతున్నది! పాత మాత్రలు కొవ్వులో సులభంగా కరిగే స్వభావం గలవి. రక్తానికీ మెదడుకూ నడుమ ప్రకృతి కట్టిన గోడను అవలీలగా దాటిపోయి, అక్కడి సీట్ల మీద కూడ తువ్వాళ్ళు పరచేవి. మెదడులో మెలకువ కరవయ్యేది. పైగా క్లోర్‌ఫెనిరమిన్ దేహంలో చాలసేపు నిలుస్తుంది. రాత్రి వేసుకొన్నది మరునాడు స్టీరింగు ముందు కూడ మిగిలి ఉంటుంది. మా నాయన రాణీపేట దగ్గర పడిన పాట్లకు కారణం బద్ధకమో, వయస్సో కాదని తెలిసిన నాడు ఆయన ముఖంలో వచ్చిన తేటదనం నాకు ఇప్పటికీ జ్ఞాపకం. అంతవరకు తన చేయి చెడిపోయినదనే ఆయన లోలోపల కుమిలిపోతున్నాడు.

ఈ సందర్భంలో ఒక పరిశోధన చెప్పదగినది. 2000 సంవత్సరంలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంవారు 40 మందిని కృత్రిమ వాహన యంత్రంలో కూర్చుండబెట్టి, వేరువేరు దినాలలో మద్యం, పాతరకపు యాంటీహిస్టమిన్ అయిన డైఫెన్‌హైడ్రమిన్, కొత్తరకపు ఫెక్సోఫెనాడిన్, ఉత్తుత్తి మాత్ర ఇచ్చి బండి తోలించారు. ఫెక్సోఫెనాడిన్ వేసుకొన్నవారు ఉత్తుత్తి మాత్ర వేసుకొన్నవారి వలెనే తోలారు. డైఫెన్‌హైడ్రమిన్ వేసుకొన్నవారు తాగినవారికంటె అధ్వాన్నంగా తోలారు. ఇంకొక సంగతి భయపెట్టేది: తనకు ఎంత మగతగా ఉన్నదని మనిషి చెప్పేదానికీ, బండి ఎంత చెడుగా తోలుతున్నాడనేదానికీ పొంతన కుదరలేదు. "నాకేమీ నిద్ర రావడం లేదు" అన్నవాని మాట నమ్మదగినది కాదన్నమాట. తాగి తోలరాదని రోడ్ల ప్రక్కన ఎన్నో పలకలు పాతారు. జలుబు మాత్ర వేసుకొని తోలరాదని ఒక్క పలక కూడ నాకు చిత్తూరు రోడ్డు మీద కనబడలేదు.

తొలి యాంటీహిస్టమిన్‌ను పారిస్ నగరపు పాశ్చర్ సంస్థలో డేనియల్ బోవే బృందం 1937లో కనుగొన్నది. బోవేకు 1957లో నోబెల్ బహుమతి వచ్చింది. నిద్ర తేని మాత్ర కోసం మాత్రం లోకం దాదాపు మరి అర్ధశతాబ్ది వేచి ఉండవలసి వచ్చింది. 1985లో అమెరికాలో అనుమతి పొందిన టెర్ఫెనాడిన్ ఆ కోరిక తీర్చింది. కాని కొన్ని రకాల ఇతర మందులతో కలిసినప్పుడు గుండె లయను చెడగొట్టి ప్రాణాపాయం తెచ్చింది. పరిశీలించగా తేలినదేమంటే, కాలేయం టెర్ఫెనాడిన్‌ను మార్చి ఫెక్సోఫెనాడిన్‌గా చేస్తున్నది; మేలు చేసేది ఆ రెండవదే; ఎరిత్రోమైసిన్ వంటి మందు కాలేయపు పనిని అడ్డగించినప్పుడు మారని మొదటిది రక్తంలో పేరుకొని గుండెను పట్టుకొంటున్నది. అటువంటప్పుడు రెండవదానినే మాత్రగా ఇస్తే సరిపోదా? 1996లో ఫెక్సోఫెనాడిన్‌కు అనుమతి వచ్చింది; 1998లో టెర్ఫెనాడిన్ అమెరికా విపణినుండి వైదొలగింది. సెటిరిజిన్ కథయూ ఇటువంటిదే. నిద్ర బాగా తెచ్చే హైడ్రాక్సిజిన్ దేహంలో మారి సెటిరిజిన్ అవుతుంది. ఆ హైడ్రాక్సిజిన్‌ను బెల్జియం కంపెనీ అటరాక్స్ అనే పేరుతో అమ్మేది. భారతదేశంలో ఆ పేరును 2015లో కల్లం అంజిరెడ్డిగారు 1984లో స్థాపించిన మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కొనుక్కొన్నది.

వైద్యులు మా నాయనకు మొదట సెటిరిజిన్ 10 మిల్లీగ్రాములు వ్రాశారు. బండి తోలని దినం చూచి, రాత్రిపూట మొదటి మాత్ర వేసుకొమ్మన్నారు. ఎందుకనగా దీనిని కూడ నిద్ర రాని మాత్ర అనే అమ్ముతారు గాని, అమెరికాలో జరిగిన పరీక్షలలో నూటికి సుమారు 14 మందికి మగత కలిగింది; ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో ఆ సంఖ్య 6. మా నాయన ఆ పదునలుగురిలో చేరాడు. అప్పుడు ఫెక్సోఫెనాడిన్‌కు మార్చారు. ఇది మెదడులోనికి దాదాపు పోదు. ఒకవేళ గోడ దాటబోయినా అక్కడి కావలి పంపులు దానిని మరల రక్తంలోనికే నెట్టివేస్తాయి. జపాను తొహోకు విశ్వవిద్యాలయంలో మెదడు చిత్రాలు తీసి చూచినప్పుడు అక్కడి హెచ్-1 స్థానాలను ఇది ఆక్రమించినట్లే కనబడలేదు. అమెరికా విమాన శాఖవారు తమ పైలట్లకు ఫెక్సోఫెనాడిన్, లోరాటాడిన్‌లను అనుమతించి సెటిరిజిన్‌ను నిషేధించారు. ఈ మాట చెప్పినప్పుడు మా నాయన, "ఇమానం తోలేవానికి పనికొస్తే లారీ తోలేవానికి రాదా" అని నవ్వాడు. ఆరు నెలల తరువాత ఆయన నవ్వడం అదే మొదలు.

వారం దినాలలో దురద తగ్గింది. దద్దుర్లు పూర్తిగా పోవడానికి వైద్యులు మోతాదును రెండింతలు చేయవలసి వచ్చింది. దద్దుర్లలో వైద్యుని పర్యవేక్షణలో నాలుగింతల వరకు పెంచవచ్చునట. రోగి తనంతట తాను చేయదగిన పని కాదు. లారీ తాళాలు తిరిగి చేతికి వచ్చినవి.

ఈ మాత్రను సంజీవనిగా వర్ణించడం నా ఉద్దేశం కాదు. నా ముక్కు నీరు, తుమ్ములు, కంటి దురద దీనికి లొంగినవి గాని, ముక్కు దిబ్బడ లొంగలేదు. దానికి ముక్కులో కొట్టే స్టెరాయిడ్ మందు మేలుగా పని చేసింది. వయ్యారిభామ ఆకు తగిలి వచ్చే చర్మవ్యాధి హిస్టమిన్ దారిలో రాదు కనుక అందులో దీని ప్రయోజనం స్వల్పం. అన్నిటికంటె ముఖ్యం: తేనెటీగ కుట్టియో, వేరుశనగ, రొయ్య వంటివి పడకనో దద్దుర్లతో పాటు గొంతు బిగిసి, ఊపిరాడక, కళ్ళు తిరిగితే అది మాత్రకు వేళ కాదు. అప్పుడు కావలసినది ఎడ్రినలిన్ సూది, ఆసుపత్రి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ మాత్రల మోతాదు తగ్గించుకోవలసి ఉంటుంది గనుక ముందుగా వైద్యునితో చెప్పాలి.

ఒక చిన్న చిక్కు మాత్రం ఎవరూ ఊహించనిది వచ్చింది. మామిడి కాలంలో మా నాయనకు దద్దుర్లు మరల కొంచెం తలయెత్తినవి. వైద్యులు మాత్ర ఎప్పుడు, దేనితో వేసుకొంటున్నావని అడిగారు. గుజ్జు ఫ్యాక్టరీ వాకిట డ్రైవర్లకు ఉచితంగా ఇచ్చే గ్లాసెడు మామిడి రసంతో, అన్నాడు. నారింజ, యాపిల్, పంపరపనస జాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్ రసాలు ఫెక్సోఫెనాడిన్‌ను ప్రేగులలో సరిగా ఇంకనీయవని రుజువైనది; మామిడి సంగతి ఎవరు పరీక్షించారో గాని, ఎందుకైనా మంచిది, నీళ్ళతోనే మింగుమన్నారు. ఆయన నీళ్ళతో మింగి, రసం నాలుగు గంటల తరువాత తిరుగు ప్రయాణంలో త్రాగడం అలవాటు చేసుకొన్నాడు. దద్దుర్లు మొత్తం నాలుగేండ్లు ఉండి, ఎట్లు వచ్చినవో అట్లే పోయినవి. మాత్ర మానివేశాడు. వంకాయ తింటున్నాడు. మామిడి రసం విషయంలో మాత్రం ఇప్పుడు మధుమేహం అడ్డు వచ్చినందువల్ల మా అమ్మ సగం గ్లాసే ఇస్తున్నది.